మా బస్తీ టాకీసుకు తాళం వేసిందెవరు?

మా టాకీసు ఎందుకు మూతపడిందని చౌరస్తాలోని ఇరానీ హోటల్లో అడిగి చూడండి. చాయ్ చల్లారేలోపు నాలుగు జవాబులు వస్తాయి. "అందరూ ఫోన్లనే చూస్తున్నరు కదా భాయ్, టాకీసుకు ఎవరొస్తరు" అంటాడొకడు. పక్కాయన టికెట్ రేట్లను తిడతాడు. మూడో ఆయన సీడీల కాలం దాకా వెనక్కి వెళ్లి, ముంచింది పైరసీయేనని తేల్చేస్తాడు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన మాత్రం గొంతు తగ్గించి, "ముసలాయన పోయినంక కొడుకులు పంచుకున్నరు, అంతే" అంటాడు.

నాలుగింట్లో ఏదీ పచ్చి అబద్ధం కాదు. కానీ తారీఖులు పక్కన పెట్టుకుని చూస్తే కొన్ని నిలబడవు. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలోకి వచ్చింది 2016 జనవరిలో. తెలుగువాళ్ళ ఆహా మొదలైంది 2020లో. మా టాకీసు గేటుకు గొలుసు పడింది వాటన్నిటికంటే ముందే. ఓటీటీని తప్పుపట్టడం, మనిషి పోయాక వచ్చిన డాక్టరు మీద కేసు పెట్టడం లాంటిది. పైరసీ సీడీలు దెబ్బ కొట్టిన మాట నిజం. అయితే అవే సీడీలు హైదరాబాద్‌లో పెద్ద హాళ్ళన్నీ ఒక్కచోట ఉండే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఫుట్‌పాత్ మీదా అమ్మారు. అక్కడ సంధ్య, సుదర్శన్, దేవి ఇంకా నడుస్తున్నాయి. ఒకే జబ్బు వచ్చి ఒకరు పోయి ఒకరు మిగిలితే, ఇద్దరి ఒంట్లో తేడా ఏమిటో వెతకాలి.

మా టాకీసు పేరు రాయడం లేదు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఇక్కడే ఉంటారు, కూరగాయల బండి దగ్గర ఎదురుపడతారు. ముషీరాబాద్ వైపు, క్రాస్‌రోడ్స్ నుంచి నడిస్తే ఇరవై నిమిషాల దూరం. ఈ ఇరవై నిమిషాలు గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం అందులోనే ఉంది. కింద సెకండ్ క్లాసు, ఫస్ట్ క్లాసు, పైన బాల్కనీ, అన్నీ కలిపి ఆరు వందల చిల్లర సీట్లు. ఏసీ లేదు. పక్క గోడకు పెద్ద పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. ఎండాకాలం రాత్రి మేడ మీద పడుకుంటే ఆ ఫ్యాన్ల సందుల్లోంచి సెకండ్ షో మొత్తం వినిపించేది. సినిమా చూడకముందే మాకు డైలాగులు నోటికొచ్చేవి. హాల్లో కూర్చుని, ఫైటు మొదలవడానికి రెండు క్షణాల ముందే "ఇగ కొడతడు చూడు" అని పక్కవాడికి చెప్పి తన్నులు తిన్న రోజులున్నాయి.

పేర్ల వరస

కాసేపు పక్కదారి. హైదరాబాద్ సినిమా హాళ్ళ పేర్లను కాలం వారీగా రాసుకుంటే ఊరి చరిత్ర కొంత అందులోనే కనిపిస్తుంది. ఇక్కడ సినిమా వ్యవహారం మూగ సినిమాల నాటిది. ధీరేన్ గంగూలీ 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టింది ఈ ఊళ్ళోనే. నిజాం రోజుల ముద్ర ఉన్న హాళ్ళకు రత్నాల పేర్లు. ఆబిడ్స్‌లో జమర్రుద్ మహల్, జమర్రుద్ అంటే పచ్చ. యాకుత్‌పురాలో యాకూత్ మహల్, యాకూత్ అంటే కెంపు. ముత్యం పేరుతో మోతీ మహల్. అదే సికింద్రాబాద్ వైపు వెళ్తే కంటోన్మెంట్ దొరల గాలి. ప్లాజా, టివోలి, డ్రీమ్‌ల్యాండ్, పారడైజ్. 1956లో రాష్ట్రం ఏర్పడి తెలుగు సినిమా మార్కెట్ నగరంలో పెరిగేకొద్దీ దేవుళ్ళు దిగారు. వెంకటేశ, సప్తగిరి, దేవి, మహేశ్వరి, పరమేశ్వరి, కూకట్‌పల్లిలో భ్రమరాంబ, మల్లికార్జున. ఎన్.టి.రామారావు ఆబిడ్స్‌లో రామకృష్ణ కట్టారు, కాచిగూడలో తారకరామ కట్టారు. ఇప్పుడు పేర్లు ఇంగ్లిషు పొడి అక్షరాలకు వచ్చాయి. మహేశ్‌బాబు పేరుతో ఏఎంబీ, అల్లు అర్జున్ పేరుతో ఏఏఏ. రత్నం నుంచి దేవుడికి, దేవుడి నుంచి హీరోకి.

హాలు పోయినా పేరు పోదు, అదింకో విచిత్రం. హిమాయత్‌నగర్ దగ్గర జనం ఇప్పటికీ "లిబర్టీ దగ్గర దింపు" అంటారు. సికింద్రాబాద్‌లో సంగీత్ చౌరస్తా ఉంది, సంగీత్ లేదు. పారడైజ్ టాకీసులో 1953లో చిన్న కేఫ్‌గా మొదలైన హోటల్ బిర్యానీతో దేశమంతా తెలిసింది. టాకీసు పోయింది, చౌరస్తాకు దాని పేరే మిగిలింది. చివరికి మెట్రో స్టేషన్‌కు కూడా పారడైజ్ అనే పెట్టారు. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ కుర్రాళ్ళలో అది ఒకప్పటి సినిమా హాలు పేరని ఎందరికి తెలుసో! బిర్యానీ పేరనే అనుకుంటారు.

పెట్టె వచ్చిందా?

ఇప్పుడు అసలు సంగతి. మా టాకీసు ఎన్నడూ కొత్త సినిమాల హాలు కాదు. పండక్కి విడుదలైన సినిమా ముందు క్రాస్‌రోడ్స్‌లో, ఆబిడ్స్‌లో, సికింద్రాబాద్‌లో పడేది. అక్కడ యాభై రోజులో వంద రోజులో ఆడి, జనం పలచబడ్డాక, మా దగ్గరికి వచ్చేది. దీన్నే సెకండ్ రిలీజు అనేవాళ్ళు. మా తర్వాత శివారు ఊళ్ళ హాళ్ళకు, ఆ తర్వాత టూరింగు టాకీసులకు వెళ్ళేది.

ఇలా ఎందుకు నడిచిందంటే, సినిమా అప్పట్లో ఒక బరువైన వస్తువు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. వెయ్యి అడుగులు ఒక రీలు అనుకుంటే పద్నాలుగు రీళ్ళు. వాటిని రేకు డబ్బాల్లో పెట్టి, డబ్బాలను ఇనుప పెట్టెల్లో సర్ది పంపేవాళ్ళు. ఒక్కో ప్రింటు తీయడానికి వేలల్లో ఖర్చు. అందుకని నిర్మాత లెక్కపెట్టి ప్రింట్లు తీయించేవాడు. నైజాం ఏరియాకు ఇన్ని, సీడెడ్‌కు, అంటే రాయలసీమకు ఇన్ని అని. (నిజాం పోయి ఇన్నేళ్ళయినా సినిమావాళ్ళ పటంలో తెలంగాణ ఇంకా నైజామే.) ప్రింట్లు తక్కువ, హాళ్ళు ఎక్కువ, కాబట్టి సినిమా వరసలో నిలబడి రావాల్సిందే. ఆ వరసలో మా టాకీసు స్థానం రెండోది. దాని బతుకుదెరువంతా ఆ రెండో స్థానమే.

పెట్టె వెంట ఒక మనిషి వచ్చేవాడు. రిప్రజెంటేటివ్. డిస్ట్రిబ్యూటర్ తరఫున టికెట్లు లెక్కపెట్టడం అతని పని. బుకింగ్ క్లర్కు అమ్మిన టికెట్లకూ, డీసీఆర్‌లో రాసిన టికెట్లకూ తేడా రాకుండా చూడాలి. డీసీఆర్ అంటే రోజువారీ కలెక్షన్ కాగితం. హాలు యజమాని దొంగలెక్క రాస్తాడని డిస్ట్రిబ్యూటర్ అనుమానం, రిప్రజెంటేటివ్ మేనేజర్‌తో కుమ్మక్కయ్యాడని అదింకో అనుమానం. తెలుగు సినిమా వ్యాపారం ఈ రెండు అనుమానాల మధ్యే నిలబడింది. ఇప్పుడు ఆన్‌లైన్ బుకింగ్ వచ్చాక ఒక అనుమానం తగ్గింది. రెండోది పోయిందని చెప్పలేను.

రెండో రిలీజు ప్రింటు అంటే వంద రోజులు మెషీన్లో అరిగిన ప్రింటు. తెర మీద సన్నగా వాన పడుతూనే ఉండేది. తెగిన చోట అతికించిన ముక్కల వల్ల పాటలో ఒక చరణం ఎగిరిపోయేది, హీరోయిన్ మెట్ల మీద ఉన్నది ఉన్నట్టుగా తోటలో తేలేది. ఒక్కోసారి ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడేది. అక్కడ అయిపోయిన రీళ్ళు స్కూటర్ మీద ఇక్కడికి రావాలి. స్కూటర్ ఆలస్యమైతే తెర మీద సబ్బుల స్లైడు, చీరల దుకాణం స్లైడు, మళ్ళీ సబ్బుల స్లైడు. జనం ఈలలు. అయినా ఎవరూ లేచిపోయేవాళ్ళు కాదు, ఎందుకంటే టికెట్ క్రాస్‌రోడ్స్ కంటే చవక, ఇంటికి ఐదు నిమిషాలు.

అసలు మా బస్తీలో సినిమా చూడటమంటేనే ఎదురుచూడటం. పండక్కి వచ్చిన సినిమా గురించి అన్నయ్య ఊదరగొడుతుంటే అమ్మ ఒకటే మాట, "మన టాకీసుకు వస్తది కద, అప్పుడు పోదాం." వచ్చాక ఆదివారం మ్యాట్నీకి గల్లీలో ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళకు వేరే కౌంటరు, వేరే లైను. మగవాళ్ళు చొక్కాలు చింపుకుంటూ తోసుకుంటుంటే, అమ్మ నింపాదిగా చెయ్యి పెట్టి పన్నెండు టికెట్లు తెచ్చేది. వాటిలో నాలుగు మగవాళ్ళకే.

ఆ ఎదురుచూపే మా టాకీసు పెట్టుబడి. అది ఒక్కరోజులో పోలేదు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. సినిమా మన టాకీసుకు వచ్చేలోపే టీవీలో ఫలానా పండక్కి వేస్తారట అనే మాట మొదలైంది. ఆ తర్వాత సీడీలు. అయినా పెట్టె వస్తూనే ఉంది, కుంటుతూనైనా నడిచింది.

నడుం విరిచింది డిజిటల్. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే చూసేవాడికి అది లాభంగానే కనబడింది. ప్రింటు పోయి, సినిమా హార్డ్ డిస్కులోకో శాటిలైట్ సిగ్నల్‌లోకో మారింది. ఇక కాపీకి ఫిల్ము ఖర్చు లేదు, కాబట్టి వరస అక్కర్లేదు. ఒకే శుక్రవారం నైజాం మొత్తం, ఊళ్ళో ఉన్న ప్రతి హాల్లో అదే సినిమా. మా బస్తీవాళ్ళు మొదటి వారం సంబరపడ్డారు. పెద్ద హీరో సినిమా మొదటి రోజే మన టాకీసులో! కటౌట్ కట్టారు, బ్యాండు మోగింది, పాలాభిషేకం కూడా చేశారు.

మూడో వారానికి తెలిసింది. మొదటి రోజే సినిమా చూడాలనుకునేవాడు ఆ రోజు సందడి కోసం వెళ్తాడు. సందడి క్రాస్‌రోడ్స్‌లో ఉంది. పెద్ద తెర, మంచి సౌండు, ఏసీ అక్కడున్నాయి. ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. మొదటి రోజు అక్కర్లేనివాడు అంతకుముందు మా టాకీసు కోసం ఆగేవాడు, ఇప్పుడు టీవీ కోసం ఆగుతాడు. మధ్యలో మాకంటూ మిగిలినవాడు లేడు. రెండో స్థానంలో ఉన్నవాడిని తీసుకెళ్ళి మొదటి స్థానంలో నిలబెట్టి పోటీ పడమన్నట్టయింది. వరస ఉన్నంతకాలం క్రాస్‌రోడ్స్ హాళ్ళు మా టాకీసుకు పోటీ కావు. అక్కడ సినిమా ఎంత ఆడితే ఇక్కడ అంత పేరు. వరస పోయిన మరుక్షణం అవే హాళ్ళు మా గొంతు మీద కూర్చున్నాయి.

ఇంకో మెలిక. ప్రింటు కాలంలో మెషీన్ యజమానిది. డిజిటల్ ప్రొజెక్టర్ చాలా చోట్ల యూఎఫ్ఓ, క్యూబ్ లాంటి కంపెనీల నుంచి తెచ్చుకున్నది. సినిమా వేసినందుకు వాటికి నిర్మాత వైపు నుంచి వర్చువల్ ప్రింట్ ఫీజు కట్టాలి. ఆ ఫీజుల గొడవతోనే 2018 మార్చి మొదట్లో తెలుగు రాష్ట్రాల్లో హాళ్ళు కొన్నాళ్ళు మూసేశారు. ఎవరెంత కట్టాలని పెద్దవాళ్ళు కొట్టుకుంటున్నారు. మాలాంటి హాళ్ళు అప్పటికే ఆ బల్ల దగ్గర లేవు.

అద్దె లెక్క

టికెట్ రేటు పెరిగిందంటే హాలువాడు బాగుపడ్డాడని జనం అనుకుంటారు. అది చాలావరకు తప్పు. ఎలాగో చూద్దాం.

తెలుగు రాష్ట్రాల్లో సింగిల్ స్క్రీన్‌లకు ఎక్కువగా నడిచింది అద్దె పద్ధతి. డిస్ట్రిబ్యూటర్ వారానికి ఇంత అని హాలుకు అద్దె ఇస్తాడు, వచ్చిన కలెక్షన్ అతనిది. మల్టీప్లెక్సులది పర్సంటేజీ పద్ధతి, వచ్చినదాంట్లో వాటా. వంద రోజుల కాలంలో అద్దె పద్ధతి యజమానికి పరుపు మీద నిద్ర. సినిమా ఆడినా, ఆడకపోయినా అద్దె వస్తుంది. పర్సంటేజీ అంటే రిస్కు, అది ఎవరిక్కావాలి?

సినిమా ఆయుష్షు మూడు రోజులకు కుదించుకుపోయాక ఈ లెక్క తిరగబడింది. మొదటి వారం జనం వస్తారు, అప్పుడు హాలుకు అద్దె మాత్రమే. రెండో వారం జనం రారు, అప్పుడు "వాటా తీసుకో" అంటారు. ఖాళీ కుర్చీల్లో వాటా! ప్రభుత్వం పెద్ద సినిమాకు మొదటి రోజుల్లో రేటు పెంచుకోనిస్తే ఆ పెరిగింది కూడా అద్దె ఒప్పందంలో హాలుకు చేరదు. తిట్లు మాత్రం కౌంటర్ దగ్గరే పడతాయి. టికెట్ కొన్నవాడికి ఎదురుగా కనిపించేది బుకింగ్ క్లర్కే కదా.

తెలంగాణలో 2021 డిసెంబర్‌లో ఇచ్చిన జీవో ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ 50 నుంచి 150 రూపాయల మధ్య ఉండాలి, మల్టీప్లెక్సులో 100 నుంచి 250 దాకా, జీఎస్టీ అదనం. ఏసీ లేని హాలుకు 30 నుంచి 70. మా టాకీసు బతికుంటే ఈ చివరి గడిలో ఉండేది. వేళ్ళ మీద లెక్క వేద్దాం. ఆరు వందల సీట్లు, రోజుకు నాలుగు ఆటలు, వారానికి ఇరవై ఎనిమిది. అంటే 16,800 సీట్లు అమ్మాలి. వందకు పదిహేను మంది వచ్చారనుకుందాం, 2,520 టికెట్లు. తలకు 50 చొప్పున వేసుకున్నా వారానికి లక్షా ఇరవై ఆరు వేలు. ఇందులోంచి సినిమా వాటా పోవాలి. మిగిలినదాంట్లో కరెంటు, ఆస్తి పన్ను, మేనేజరు, ఇద్దరు ఆపరేటర్లు, గేట్‌కీపర్లు, ఊడ్చేవాళ్ళు, రాత్రి వాచ్‌మన్. ఇది ఊహించి వేసిన లెక్కే. అయినా అంకెలు మీకు నచ్చినట్టు మార్చి చూడండి, చివర్లో పెద్దగా మిగలదు.

కాబట్టి హాలును ఎప్పుడూ పక్క ఆదాయాలే ఆదుకున్నాయి. క్యాంటీన్ లీజు, సైకిల్ స్టాండు లీజు, స్లైడ్లు. స్టాండు కూడా చిన్న విషయమేమీ కాదు. తెలంగాణలో 2018లో పార్కింగ్ ఫీజుల మీద ఆంక్షలు పెట్టారు, సింగిల్ స్క్రీన్‌లు మొత్తుకుంటే 2021లో వాటికి మళ్ళీ వసూలు చేసుకోనిచ్చారు. మాల్‌కు అదొక పద్దు, చిన్న హాలుకు అది జీతాల డబ్బు.

పన్ను సంగతి రెండు మాటల్లో. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వంద రూపాయల లోపు టికెట్‌కు 18 శాతం, పైదానికి 28. 2019 నుంచి 12, 18. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద లోపు టికెట్‌కు 5 శాతమే. మంచిదే. వంద లోపు టికెట్ అమ్మే హాళ్ళు అప్పటికి నగరంలో వెతికితే గానీ దొరకవు.

ఈ లెక్క ఎంత దిగజారిందో 2024 మే నెలలో అందరికీ కనిపించింది. ఒకవైపు ఎన్నికలు, ఐపీఎల్. ఇంకోవైపు పెద్ద సినిమాలు లేవు. తెలంగాణ సింగిల్ స్క్రీన్‌లు మే 17 నుంచి పది రోజులు వాటంతట అవే మూసుకున్నాయి. ధర్నా కాదు, డిమాండ్ కాదు. తెరిస్తే అయ్యే ఖర్చు కంటే మూస్తే అయ్యే ఖర్చు తక్కువ, అంతే. మరుసటేడు, 2025 జూన్ 1 నుంచి హాళ్ళు మూస్తామని ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు హెచ్చరించారు. అద్దె వద్దు, మొదటి వారం నుంచే పర్సంటేజీ కావాలని అడిగారు. ఒకప్పుడు రిస్కని వద్దనుకున్నదే. తర్వాత మూసివేత మాట వెనక్కి తీసుకున్నారు.

జాగా

గల్లా దగ్గర పెద్దాయన చెప్పిన నాలుగో జవాబు గుర్తుందా? కొడుకులు పంచుకున్నారని. ఆయన తప్పు చెప్పలేదు, సగం చెప్పాడు. వ్యాపారం పంచుకోవడం కష్టం, జాగా పంచుకోవడం తేలిక. వారానికి చేతికొచ్చే కొన్ని వేలను ముగ్గురు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఎలా పంచుకుంటారు? అదే జాగా బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తే తలా ఇంత వస్తుంది.

ఆ జాగా ఎలాంటిదో చూడండి. టాకీసు ఎప్పుడూ మెయిన్ రోడ్డు మీదే కడతారు, జనం కనబడాలి కాబట్టి. ముందు ఖాళీ వదులుతారు, లైన్లకూ స్టాండుకూ కాబట్టి. లోపల తెర నుంచి బాల్కనీ దాకా ఒక్క స్తంభం లేకుండా పొడుగాటి చోటు ఉండాలి. అంటే ఇరుకు బస్తీలో, మెయిన్ రోడ్డు ముఖంతో, ఒకే పట్టాలో అంత పెద్ద ముక్క ఇంకెక్కడా ఉండదు. బళ్ళో గుళ్ళో ఉంటే ఉండాలి, అవి అమ్మరు.

దీనికి తోడు 2006లో హైదరాబాద్ భవన నిబంధనలు మారాయి. అంతకుముందు స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చో పరిమితి ఉండేది, ఎఫ్ఎస్ఐ అంటారు. ఆ ఏడాది వచ్చిన జీవో 86తో ఆ పరిమితి పోయింది. ఎంత ఎత్తు కట్టొచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని (సెట్‌బ్యాక్) బట్టి తేలుతుంది. వెడల్పు రోడ్డు, పెద్ద స్థలం. టాకీసుల దగ్గర ఉన్నవి సరిగ్గా ఆ రెండే. సినిమాను బతికించడానికి వదిలిన ఖాళీయే ఆ హాలు మీద రేటు పెంచింది. యాభై ఏళ్ళ కిందట సైకిళ్ళ కోసం వదిలిన జాగా ఇప్పుడు పది అంతస్తులకు సెట్‌బ్యాక్.

అందుకే నా లెక్కలో టాకీసు సొంత ఇంట్లో ఉన్న కిరాయిదారు. జాగా మీద సినిమా అన్నిటికంటే ఎక్కువ సంపాదించినంత కాలం ఉండనిచ్చారు. సంపాదన తగ్గింది, ఖాళీ చేయించారు. యజమానిని ఇందులో విలన్ చేయడం నాకు మనస్కరించదు. నష్టంలో నడుస్తున్న కిరాణా కొట్టు మూస్తే మనమెవరం వ్యాసాలు రాయం కదా.

2003లో నెక్లెస్ రోడ్డు దగ్గర ప్రసాద్స్ మల్టీప్లెక్సు వచ్చినప్పుడు దారి ఎటో తెలిసిపోయింది. తెర ఒక్కటే అయితే ఒక్క సినిమా మీద ఆధారపడాలి, ఆ సినిమా తంతే అంతే. ఐదారు తెరలు, కింద దుకాణాలు, మధ్యలో తిండి ఉంటే సినిమా పోయినా జాగా సంపాదిస్తుంది. అమీర్‌పేటలో సత్యం థియేటర్ కూల్చాక ఏళ్ళ తరబడి కోచింగ్ సెంటర్ల పిల్లలకు "సత్యం థియేటర్ దగ్గర" అన్నదే గుర్తుగా మిగిలింది. అదే చోట మాల్ కట్టి 2023లో ఏఏఏ సినిమాస్ తెరిచారు. తారకరామ 2022 చివర్లో కొత్త హంగులతో మళ్ళీ మొదలైంది. అంటే అన్నీ చావలేదు. పెద్ద జంక్షన్‌లో ఉన్నవి, వెనక పెద్ద చేతులున్నవి రూపం మార్చుకున్నాయి. క్రాస్‌రోడ్స్ హాళ్ళు మొదటి రోజు సందడిని అమ్ముకుని నిలబడ్డాయి. పోయినవి ఎక్కువగా వరసలో రెండో స్థానం, మూడో స్థానం హాళ్ళే.

చెప్పుకోని జన్మలు

టాకీసు గురించి ఎవరిని కదిపినా వచ్చే జ్ఞాపకాలు ఒకటే కాలానివి. కటౌట్లు, బ్లాక్ టికెట్లు, ఇంటర్వెల్‌లో సమోసా, గోల్డ్ స్పాట్. నేను కూడా పైన అదే చేశాను. కానీ మా టాకీసుకు ఇంకో రెండు మూడు జన్మలున్నాయి. వాటి గురించి మేం మాట్లాడం.

సెకండ్ రిలీజు సన్నబడ్డాక పొద్దుటి ఆట మారిపోయింది. పదకొండున్నరకు మలయాళం డబ్బింగ్ సినిమాలు. పోస్టరు మీద పెద్ద 'ఎ' అక్షరం. గోడ మీద అతికించిన పోస్టరుకు ఎవరో తారు పూసేవాళ్ళు, మర్నాడు ఇంకోటి పడేది. స్కూలుకు వెళ్ళే ఆడపిల్లలు రోడ్డు అవతలి వైపు నడవడం మొదలుపెట్టారు. నెమ్మదిగా మ్యాట్నీకి కూడా ఆడవాళ్ళు రావడం మానేశారు. లేడీస్ కౌంటర్ కిటికీ మూసి, అందులో చీపుర్లు పెట్టారు. నా దృష్టిలో మా టాకీసు మూతపడింది ఆ కిటికీ మూసిన రోజే. గొలుసు పడింది చాలా తర్వాత. పన్నెండు టికెట్లు ఒకేసారి కొనే మనిషి పోయాక, ఒంటరిగా వచ్చి తల వంచుకుని వెళ్ళే మనిషి మీద ఏ హాలూ నిలబడదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు భోజ్‌పురి సినిమాలు వేశారు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కడుతున్న బిహార్, ఉత్తరప్రదేశ్ కూలీలు ఆదివారం వచ్చేవాళ్ళు. పోస్టర్ల మీద మాకు తెలియని హీరోలు. మా బస్తీవాళ్ళు ముఖం చిట్లించారు. నిజానికి ఆ ఆదివారాల్లో హాలు మా చిన్నప్పటిలా నిండింది, అవే ఈలలు, అవే చిల్లర నాణేలు తెర మీదికి. చూసేవాళ్ళం మేం కాదు, అంతే తేడా. వాళ్ళు కట్టిన అపార్ట్‌మెంట్లు పూర్తయ్యాయి, వాళ్ళు ఇంకో చోటికి వెళ్ళారు.

గొలుసు పడ్డాక కూడా గోడలు ఖాళీగా లేవు. కొన్నాళ్ళు ముందు భాగంలో బట్టల ఆఫర్ సేల్. చొక్కా ఏదైనా ఒకటే రేటు. కొన్నాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల గోడౌను. ఒకసారి ఏదో షూటింగ్‌కు తీసుకున్నారు, పాత సినిమా హాలు సీనట, గోడలకు ఇంకాస్త దుమ్ము పూశారు. బాల్కనీ కుర్చీలు తుక్కు కింద అమ్ముడయ్యాయి. మూడు కుర్చీల వరస ఒకటి ఇరానీ హోటల్ వెనక, గ్లాసులు కడిగే చోట ఉంది. నంబర్లు చెరిగిపోలేదు. లేచేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకపోతే సీటు టప్పున మూసుకుంటుంది.

పోయిన సంవత్సరం కూల్చేశారు. తెర ఉన్న గోడ చివరిదాకా నిలబడింది. నీలం రేకులు కట్టారు, లోపల పునాదుల కోసం తవ్వుతున్నారు. రేకుల మీద రంగురంగుల బోర్డు, కింద షాపులు, పైన ఆఫీసులు, బుకింగ్‌కు ఫోన్ నంబరు. అడ్రసు రాసిన చోట కింద చిన్న అక్షరాల్లో 'ల్యాండ్‌మార్క్' అని పెట్టి మా టాకీసు పేరే రాశారు.